మూడు నీళ్లు

మాన్య అక్షయ్‌ని మొదటిసారి కలిసిన రోజున అతని మెడలో ఒక అట్టముక్క వేలాడదీసి, ఒక గదిలోకి పంపి, బయట తాళం వేసింది. ఆ తర్వాత అతన్ని శుభ్రంగా మరిచిపోయింది.

అట్టముక్క మీద 'అనుమానిత రోగి నంబర్ ఒకటి' అని రాసి ఉంది. నిజానికి ఆ రోజు అక్షయ్‌కి తుమ్ము కూడా రాలేదు. అది డ్రిల్.

పురానాపూల్ దగ్గర, మూసీ ఒడ్డున, నవాబుల కాలపు భవంతి, ఒక పాత దేవిడీ చుట్టూ నాలుగంతస్తులు లేపి పెట్టిన ప్రైవేటు యూనివర్సిటీ అది. కరోనా కాలంలో హాస్టల్ పిల్లల్ని ఒక్క రోజులో బస్సులెక్కించి తరిమేసి, నలుగురితో నానా మాటలు పడ్డాక అక్కడి పెద్దలకు జ్ఞానోదయమైంది. అంటువ్యాధి వస్తే ఎవరు ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టుకోవాలనుకున్నారు. రాయడానికి, చేయించడానికి మాన్యను ఏడాది కాంట్రాక్టు మీద హెల్త్ సెంటర్లో పెట్టుకున్నారు. ఆమె నలభై రెండు పేజీల ప్లాన్ రాసింది. దాన్ని మొత్తం చదివినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆమె, రెండోవారు టైపు చేసినాయన.

అక్షయ్ ఎగ్జామ్ బ్రాంచిలో జూనియర్ అసిస్టెంటు. హాల్ టికెట్ల మీద ముద్ర వెయ్యడం అతని పని. డ్రిల్లులో రోగిగా ఉండటానికి ఎవరూ ముందుకు రాకపోతే, సూపరింటెండెంట్ బాలనర్సింహ సార్ ఉదారంగా అతన్ని దానమిచ్చేశాడు. ఇద్దరు మాస్కులవాళ్లు లైబ్రరీలో అతన్ని పట్టుకుని, హెల్త్ సెంటర్ వెనక గదికి తీసుకెళ్లి, ఫోను కూడా లాక్కున్నారు. పదకొండింటికి తాళం పడింది. పదకొండున్నరకు జూలై వాన మొదలైంది. డ్రిల్ దిగ్విజయంగా ముగిసిందని ప్రకటించి, పెద్దలంతా ఫొటోలు దిగి, బిర్యానీలు తిని వెళ్లిపోయారు.

లోపల అక్షయ్ దగ్గర ఉన్నది ఒక పెన్ను, రోగి పరిస్థితి గంటగంటకూ రాయాల్సిన ఒక చార్టు. పన్నెండింటికి 'బాగున్నాడు' అని రాశాడు. ఒంటిగంటకు 'బిర్యానీ వాసన వస్తోంది' అని రాశాడు. రెండింటికి 'రోగికి బతుకు మీద ఆశ పోయింది' అని రాశాడు.

మూడింటికి తలుపు తెరుచుకుంది. తడిసి ముద్దయిన చుడీదార్‌లో, ముక్కు మీది కళ్లజోడు తుడుచుకుంటూ మాన్య నిలబడి ఉంది. క్షమించమని అడుగుతుందనుకున్నాడు అక్షయ్. ఆమె ముందు చార్టు అందుకుని ఆసాంతం చదివింది.

"లోపల పెట్టినోళ్లకు తిండి ఎవరు పెట్టాలె అన్నది నేను ప్లాన్‌ల రాయనేలేదు," అంది.

అని అక్కడే, ఆ ఇనప మంచం మీదే కూర్చుని, సంచిలోంచి ప్లాన్ తీసి, పదిహేనో పేజీలో ఆ ముక్క చేర్చింది. ఆ తర్వాతే తలెత్తి సారీ చెప్పింది. అక్షయ్ సరిగ్గా అక్కడ పడిపోయాడు. తన తప్పు కనిపించగానే సిగ్గుపడకుండా దిద్దుకునే మనిషిని అతను అంతవరకూ చూడలేదు. వాళ్లింట్లో గానీ, ఎగ్జామ్ బ్రాంచిలో గానీ ఆ అలవాటు ఎవరికీ లేదు.

పరిహారంగా ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లింది. తలుపు కొట్టి అరిస్తే సరిపోయేది కదా అని ఆమె, తాళం వేసింది మీరైతే అరవాల్సింది నేనా అని అతను. బయట వాన దంచుతూనే ఉంది. బిస్కెట్ చాయ్‌లో ముంచి మాట్లాడుతూ ఉండిపోయి, మెత్తబడ్డ ముక్క కప్పులో పడేసుకుంది మాన్య. చెంచాతో తీసుకుని తినేసింది. అతను నవ్వితే, ఇందులో నవ్వడానికేముందన్నట్టు చూసింది.

ఆ తర్వాత సంగతి ఎవరికైనా తెలిసిందే. జ్వరమో మరోటో వచ్చి తగ్గిన విద్యార్థి పరీక్ష రాయాలంటే, హెల్త్ సెంటర్ నుంచి మాన్య సంతకంతో ఫిట్ పేపర్ రావాలి. అది చూసి అక్షయ్ హాల్ టికెట్ మీద ముద్ర వెయ్యాలి. కాగితాలు మోయడానికి అటెండర్ ఉన్నా, మాన్యే స్వయంగా తెచ్చేది. తేదీ కనబడటం లేదనో, సంతకం గీత దాటిందనో వంక పెట్టి అక్షయ్ వెనక్కి పంపేవాడు. అరగంటకు మళ్లీ వచ్చేది. గీత దాటింది సంతకం కాదు, నువ్వే అని ఒకరోజు అనేసింది. మీరు నుంచి నువ్వుకు రావడానికి నెల పట్టలేదు. ప్రేమ అన్న మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ అనలేదు. అనకపోయినా యూనివర్సిటీ మొత్తానికీ తెలుసు.

మాన్యది జహనుమా. తండ్రి శ్రీపాద గారు అక్కడి చిన్న వేంకటేశ్వరుడి గుడిలో అర్చకుడు. అక్షయ్ వాళ్లది బేగంబజార్. తండ్రి వైకుంఠానికి స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం. కూతుర్ని ఎవరికిచ్చినా మంచివాడైతే చాలన్నాడు శ్రీపాద గారు. చిక్కంతా అక్షయ్ తల్లి రుక్మిణమ్మతోనే వచ్చింది. పంతుళ్ల పిల్ల గల్లాపెట్టె ముందు కూర్చుంటుందా అని ఒక బెంగ. పొద్దస్తమానం రోగాల మధ్య తిరిగే పిల్ల ఇంటికి ఏం పట్టుకొస్తుందో అని మరో బెంగ. ఏడు నెలలు ససేమిరా అంది. ఎనిమిదో నెలలో, అంటే ఫిబ్రవరిలో, రచన పరీక్షలయ్యాక ఆ పిల్లను ఒకసారి ఇంటికి తీసుకురమ్మంది. రచన అక్షయ్ చెల్లెలు. అదే యూనివర్సిటీలో ఫార్మసీ చివరి ఏడాది. ఉద్యోగం కూడా ఖాయమైంది, అన్ని పేపర్లూ పాసైతే.

 ఇంటికి రమ్మన్న సంగతి చెప్పిన మర్నాడు మాన్య ఫిట్ పేపర్లు తలకిందులుగా పెట్టి ఇచ్చింది.

మార్చిలో ఫార్మసీ క్లాసులోకి ఆటలమ్మ వచ్చింది.

మొదట హాస్టల్ కుర్రాడు మహేష్‌కి వచ్చింది. ఒంటినిండా నీటిపొక్కులతోనే ప్రాక్టికల్ పరీక్ష రాస్తానని వచ్చాడు. మాన్య ఒప్పుకోలేదు. వాడు ఎగ్జామ్ బ్రాంచి కిటికీ బయట నిలబడి ఏడ్చాడు. ఆరు నెలలు పోతాయి మేడమ్, మా నాయనకు ఏం చెప్పాలె అన్నాడు. అన్ని పొక్కులూ ఎండి పెచ్చు కట్టేదాకా, హెల్త్ సెంటర్ నుంచి చూసేదాకా ఎవరినీ క్లాసులోకి రానివ్వకూడదని ప్లాన్‌లో ఉంది. మాన్య వాణ్ని ఇంటికి పంపించింది. పంపి ఊరుకోలేదు. జబ్బుపడి ఇంట్లో ఉన్నవాళ్లకు నెలలోపు మళ్లీ పరీక్ష పెట్టాలని నోట్ రాసి ఎగ్జామ్ బ్రాంచికి పంపింది.

నోట్ బాలనర్సింహ సార్ దగ్గరికి వెళ్లి, అక్షయ్ బల్ల మీదికి వచ్చి కూర్చుంది. మళ్లీ పరీక్ష అంటే మళ్లీ పేపరు తయారు చెయ్యాలి, మళ్లీ అచ్చు వెయ్యాలి, ఎండాకాలం సెలవులు పాడవుతాయి. చూద్దాం తియ్ అన్నాడాయన. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది ఆ ఆఫీసు వ్యవహారం. పొక్కులతో రాయనివ్వరు, తగ్గాక పెట్టరు.

ఫైలుకు కూడా క్వారంటైన్ పడిందని అక్షయ్ జోక్ వేశాడు. మాన్య నవ్వలేదు.

"రోగం చెప్పుకుంటే చదువు సాలు పోతదంటే ఎవడు చెప్తడు అక్షయ్? దాచుకుంటరు. నేను తాళాలెన్ని పెట్టినా ఏం ఫాయిదా లేదు."

పైకి పంపిస్తా, ఫికర్ చెయ్యకు అన్నాడు. పంపలేదు. సార్‌ని గట్టిగా అడగడమంటే లొల్లి. లొల్లి అంటే అక్షయ్‌కి చిన్నప్పటి నుంచీ భయం. చెడ్డవాడైతే అతన్ని నాలుగు తిట్టి ఈ కథ ఇక్కడే ముగించవచ్చు. చెడ్డవాడు కాదు. ఎవరూ నొచ్చుకోకుండా రోజు గడిస్తే చాలనుకునే రకం, అంతే.

ఆ క్లాసుకు పాఠం చెప్పేవాళ్లలో స్రవ్య మేడమ్ ఉంది. ఏడో నెల. మాన్యకు ప్రాణ స్నేహితురాలు, ఇద్దరూ ఒకే డబ్బాలో అన్నం తినేవాళ్లు. పెళ్లి భోజనం నా కాన్పుకు ముందా తర్వాతా అని అక్షయ్‌ని కనబడ్డప్పుడల్లా ఏడిపించేది. చిన్నప్పుడు తనకు ఆటలమ్మ రాలేదని ఆమె ఒకసారి మాటల్లో అంది. కడుపుతో ఉన్నవాళ్లకు అది ఎంత ప్రమాదమో తెలిసిన మాన్య, ఆ రోజే ప్లాన్‌కు ఒక షరతు చేర్పించింది. గదిలో ప్రతి విద్యార్థికీ ఫిట్ పేపర్ ఉంటేనే గర్భిణులకు ఆ గదిలో పరీక్ష డ్యూటీ వెయ్యాలి.

ఏప్రిల్‌లో ప్రిపరేషన్ సెలవులిచ్చారు. రెండో వారం గురువారం నాడు రచన వీపు మీద మొదటి పొక్కు కనిపించింది. పరీక్షలు వచ్చే మంగళవారం నుంచి.

అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపకొమ్మ కడతారు. అది చూస్తే బయటివాళ్లు లోపలికి రారు. ఒక రకంగా అదీ నోటీసే, మాన్య ప్లాన్ కన్నా వందల ఏళ్ల పాతది. రుక్మిణమ్మ వేపకొమ్మను గుమ్మానికి కాకుండా లోపల పిల్ల గదిలో కట్టింది. చుట్టుపక్కల తెలిస్తే యూనివర్సిటీకి తెలుస్తుందని భయం.

ఇక నీళ్లు. వేపాకు, పసుపు వేసి మరగబెట్టిన నీళ్లు పిల్లకు పోస్తే అమ్మ చల్లబడుతుంది. అయిదో రోజు మొదటి నీళ్లు, ఏడో రోజు రెండోవి, తొమ్మిదో రోజు మూడోవి. మూడు నీళ్లూ అయితే అమ్మ దిగిపోయినట్టే, పిల్ల బయటికి రావచ్చు. ఆ లెక్కన రచనకు మూడో నీళ్లు పడే సరికి రెండు పేపర్లు అయిపోతాయి. రుక్మిణమ్మ దీపం పెట్టి, చేతులు జోడించి, పిల్లకు పరీక్ష ఉంది తల్లీ, తొందరగా దిగిపో అని మొక్కుకుంది. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి, సోమవారం ఒకటి పోసేసింది. మోసం చేస్తున్నానని ఆమె అనుకోలేదు. అమ్మవారికి చెప్పుకునే చేసింది కదా. వేపాకు తెచ్చింది అక్షయే.

సోమవారం మధ్యాహ్నం మాన్య లిస్టు పట్టుకుని అతని బల్ల దగ్గరికి వచ్చింది. క్లాసులో యాభై ఎనిమిది మంది. ఫిట్ పేపర్లు యాభై ఏడు. మిగిలిన పేరు రచన. పిల్లకు వచ్చిందా అని మెల్లిగా అడిగింది.

"వచ్చింది. సెలవులల్లనే," అన్నాడు అక్షయ్. "మూడు నీళ్లు గూడ అయినయ్. ఇయ్యాల పొద్దున మూడోది."

అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు. మాన్య మొహం విప్పారింది. ఎంత చదువుకున్నా ఆమె పెరిగింది జహనుమాలోనే. వాళ్లింట్లో మూడో నీళ్లు పడందే ఎవరినీ గుడి మెట్లెక్కనివ్వరు. వేళ్లు మడిచి లెక్క వేసుకుంది.

"అంటే తొమ్మిది రోజులు దాటినయ్. మొత్తం ఎండిపోయి ఉంటయ్."

అప్పుడు అక్షయ్ నోరు తెరవాల్సింది. అయిదు రోజులే అనాలి, రెండు మాటలు. ఆ రెండు మాటలకు రచన ఆరు నెలలు పోతాయి, ఉద్యోగం పోతుంది. ఆపింది ఎవరని అమ్మ అడుగుతుంది. నీ రోగాల పిల్లే ఆపింది కదా అంటుంది. ఇదంతా ఒక్క క్షణంలో అతని బుర్రలో తిరిగింది. అవుననలేదు, కాదనలేదు. ముద్ర తీసి ఇంకు ప్యాడ్ మీద అద్దుతూ కూర్చున్నాడు.

రూల్ ఉంది కదా, సాయంత్రం ఒకసారి ఇంటికి వచ్చి చూసి పోతానంది మాన్య.

"వద్దు మాన్యా. అమ్మ ఇప్పుడిప్పుడే మెత్తబడుతున్నది. మొదటిసారి మా ఇంటికి వచ్చుడు గిట్ల ఇన్‌స్పెక్షన్‌కి వస్తే మంచిగుండదు."

ఆమె చాలాసేపు లిస్టు వంక చూసింది. పెన్ను తీసింది.

"మహేష్‌ను కండ్లతోటి చూసి గూడ ఆపిన. నీ చెల్లెను చూడకుండ పంపుతున్న. ఇదొక్కటే సారి," అని సంతకం పెట్టింది. ఈసారి గీత దాటలేదు.

యాభై ఎనిమిది పేపర్లూ అయ్యాయి కనుక గది క్లియర్ అని కంప్యూటర్‌లో పడింది. ఇన్విజిలేటర్లు తక్కువగా ఉన్నారు. బాలనర్సింహ సార్ మంగళవారం ఆ గదికి స్రవ్య మేడమ్‌ను వేశాడు.

రచన నిండు చేతుల చుడీదార్ వేసుకుని, మెడ చుట్టూ చున్నీ కప్పుకుని పరీక్ష రాసింది. మూడు గంటలు, ఏసీ గది, కిటికీలన్నీ మూసి. పిల్ల మొహం పాలిపోయి వణుకుతుంటే, భయపడుతోందనుకుని స్రవ్య మేడమ్ దగ్గరికి వెళ్లి కూర్చుంది. తన సీసాలోంచి నీళ్లు తాగించింది. భుజం తట్టింది. తర్వాత అన్నం తింటూ మాన్యతో ఆ సంగతి చెప్పి, మీ ఆడబిడ్డ మస్తు పిరికిది అని నవ్వింది కూడా. ఆడబిడ్డ అన్న మాటకు మాన్య సిగ్గుపడింది.

పదహారు రోజులకు స్రవ్య మేడమ్‌కు జ్వరం వచ్చింది. మర్నాటికి పొక్కులు. మూడో రోజుకు ఊపిరితిత్తుల్లోకి దిగి ఐసీయూలో పెట్టారు. పదకొండు రోజులు పోరాడి ఆమె బతికింది. బిడ్డ బతకలేదు. ఆడపిల్ల.

ఏ జబ్బు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వెనక్కి వెతకడం మాన్య ఉద్యోగం. ఆమె వెతుక్కుంటూ వచ్చి అక్షయ్ బల్ల దగ్గర ఆగింది. మనిషి సగమైపోయింది. మూడు నీళ్లు ఏయే రోజులు పోశారని అడిగింది.

"శని, ఆది, సోమ."

"రోజు విడిచి రోజు గాదా?"

"పరీక్ష ఉన్నదని అమ్మ గా తల్లికి మొక్కుకున్నది."

మాన్య కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడింది. అక్షయ్‌కి లేచి ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకునే మొహం లేక కూర్చుండిపోయాడు.

"నేను తొమ్మిది రోజులనుకుంటున్న అని నీకు ఎర్కనా?"

"ఎర్కనే," అన్నాడు. కనీసం అప్పుడైనా అబద్ధం చెప్పలేదు.

విచారణకు ముగ్గురితో కమిటీ వేశారు. అందులోకి వెళ్లే ముందు మాన్య అతన్ని ఒకే ఒక్కటి అడిగింది. జరిగింది జరిగినట్టు వాళ్ల ముందు నువ్వే చెప్పు అంది. చెబితే రచన పరీక్ష రద్దవుతుంది, అక్షయ్ ఉద్యోగం పోవచ్చు. ఇంట్లో అడిగాడు. దుకాణం ఉంది కదా, నీ నౌకరీ పోతే పోనీ బిడ్డా, పిల్ల సాలు మాత్రం పోవద్దు అన్నాడు వైకుంఠం. రుక్మిణమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. రచన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

కమిటీ ముందు మాన్య తన వంతు చెప్పింది. విద్యార్థిని చూడకుండా సంతకం పెట్టాను, చూడాల్సింది నేనే అంది. అక్షయ్ పేరు ఎత్తలేదు. అది అతను చెప్పుకోవాల్సిన మాట కనుక అతనికే వదిలేసింది. తర్వాత అక్షయ్‌ని పిలిచారు. నీకేమైనా తెలుసా అని అడిగారు.

"పేపర్ వచ్చింది సార్. ముద్ర వేసిన."

అంతే అన్నాడు. బయట బెంచీ మీద కూర్చున్న మాన్యకు తలుపు సందులోంచి ఆ మాట వినబడింది. అతను బయటికి వచ్చేసరికి ఆమె వెళ్లిపోయింది.

ఫిట్ పేపర్ ఉంది కాబట్టి విద్యార్థి తప్పు లేదని, తప్పంతా అధికారిదేనని కమిటీ తేల్చింది. మాన్య కాంట్రాక్టు రద్దు చేశారు. అదే వారం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, జబ్బుపడ్డవాళ్లకు నెలలోపు మళ్లీ పరీక్ష పెట్టాలన్న ఫైలు మీద పైవాళ్లు సంతకం చేశారు. ఆ ఆర్డరును నోటీసు బోర్డుకు అంటించింది అక్షయే. మహేష్ వచ్చి దాని ముందు నిలబడి రెండుసార్లు చదువుకుని, మాన్య మేడమ్ ఎక్కడని అడిగాడు. లేదు అన్నాడు అక్షయ్.

అతను ఫోన్ చేస్తే ఆమె ఎత్తేది కాదు. చాలా రాసి పంపాడు. చదివినట్టు గుర్తు పడేది, జవాబు వచ్చేది కాదు.

జూన్‌లో రచన పాసైంది. ఉద్యోగం చేతికొచ్చింది. ఆ సాయంత్రమే రుక్మిణమ్మ కొడుకును పక్కన కూర్చోబెట్టుకుంది. గా పిల్ల తన నౌకరీ పోగొట్టుకున్నది గానీ మన ఇంటి మాట బయట పెట్టలేదు, గసొంటి కోడలు ఏడ దొరుకుతది, మంచి రోజు చూసి పోదాం అంది. ఏడాదిగా ఏ మాట కోసం అక్షయ్ కాళ్లరిగేలా తిరిగాడో ఆ మాట అంత తేలిగ్గా వచ్చేసింది. అతనికి సంతోషం కలిగింది. కలిగినందుకు వెంటనే సిగ్గేసింది. సిగ్గేసినా వెళ్లి కొత్త చొక్కా కొనుక్కున్నాడు. మనిషి ఆశ అలాంటిది.

ఆదివారం పొద్దున తల్లిని బండి వెనక ఎక్కించుకుని జహనుమా వెళ్లాడు. పళ్లు, పూలు, పసుపు కుంకుమ, ఆకుపచ్చ పట్టుచీర. శ్రీపాద గారు గుడి నుంచి అప్పుడే వచ్చి ఉన్నాడు. ఆదరంగా కూర్చోబెట్టాడు. మాన్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చి తండ్రి పక్కన నిలబడింది. చిక్కింది. అక్షయ్ వైపు మామూలుగానే చూసింది. కోపంగా చూసి ఉంటే అతనికి కొంచెం ధైర్యంగా ఉండేది.

రుక్మిణమ్మ చాలా బాగా మాట్లాడింది. ఇన్నాళ్లు వద్దన్నందుకు ఏమీ అనుకోవద్దంది. నీ సంతకం లేకుంటే మా పిల్ల బతుకు ఏమయ్యేదో బిడ్డా అని, లేచి మాన్య నుదుట బొట్టు పెట్టబోయింది. మాన్య ఆమె చెయ్యి మెత్తగా పట్టుకుని ఆపింది.

"వద్దమ్మా. మీరు నన్ను తిట్టడానికొస్తే కూసోబెట్టి అన్నం పెట్టేదాన్ని. గా సంతకానికి మెచ్చుకోను వచ్చిన్రు. గది నేను తీసుకోలేను."

శ్రీపాద గారు కల్పించుకోలేదు. కూతురి మాట తన మాటే అన్నట్టు తల వంచుకుని కూర్చున్నాడు. రుక్మిణమ్మకు ఏమీ అర్థం కాలేదు. పళ్లెం ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉంది. అక్షయ్ లేచి బయటికి వచ్చాడు. కొంతసేపటికి మాన్య గేటు దాకా వచ్చింది.

అతను తప్పయిందన్నాడు. ఇప్పుడైనా వెళ్లి అంతా చెప్పేస్తానన్నాడు. ఇప్పుడు ఎవరికి చెబుతావని ఆమె అడిగింది. స్రవ్య దగ్గరికి తను రోజూ వెళ్తున్నానని, ఎందుకు జరిగిందో తన వంతు ఆమెకు చెప్పానని, స్రవ్య తనతో మాట్లాడటం లేదని, అయినా వెళ్తున్నానని చెప్పింది. నువ్వు ఒక్కసారైనా వెళ్లావా అని అడిగింది. వెళ్లలేదు.

"నువ్వంటే నాకు ఇష్టం అక్షయ్. ఎన్నడూ చెప్పలే గద, ఇప్పుడు చెప్తున్న. ఇప్పటికీ ఇష్టమే," అంది. "గానీ రేపు మనింట్ల పిల్లకు జరమొస్తే, ఎన్ని రోజులాయె అని నేను నిన్నే అడగాలె. నువ్వు చెప్పింది నమ్మాలె. నేను నమ్మలేను."

ఏడాది పాటు వినాలనుకున్న మాటను అక్షయ్ అలా విన్నాడు. ఆమె లోపలికి వెళ్లి, రుక్మిణమ్మను చెయ్యి పట్టుకుని మర్యాదగా బయటిదాకా తీసుకొచ్చి, బండి ఎక్కేదాకా నిలబడింది.

పురానాపూల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ఒళ్లో పళ్లెం పెట్టుకుని వెనక కూర్చున్న రుక్మిణమ్మ, గా పిల్ల ఎందుకు వద్దన్నదో నిజం చెప్పమని అడిగింది. అతను చెప్పాడు. తొమ్మిది రోజులని ఆమె అనుకుందని, కాదని తెలిసీ తను నోరు విప్పలేదని, కమిటీలో కూడా విప్పలేదని. జీవితంలో మొదటిసారి ఎవరికో ఒకరికి మొత్తం చెప్పాడు.

రుక్మిణమ్మ ఒళ్లో పళ్లెం సర్దుకుంది.

"చెప్తే పరీక్ష పోతుండె గద?"

"పోతుండె."

"మరి మంచి పనే చేసినవ్ బిడ్డా. తోడబుట్టినదాని కోసం చేసినవ్. పరేషాన్ గాకు. ఇంట్ల నిన్ను ఎవ్వరు ఒక్క మాట అనరు."

అని అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆమె చెప్పింది నిజమే. ఇంట్లో అతన్ని ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.